పాప కార్డు, నా కార్డు

"పొయ్యి మీద పప్పు పెట్టినావుగా, అది ఉడికే లోపల పాప ఫొటో తీసెయ్" అన్నాడు వినయ్ చెప్పులేసుకుంటూ. పప్పు దానంతట అది ఉడుకుతుందని, ఫొటో దానంతట అది దిగుతుందని మా ఆయన నమ్మకం. మా అత్తమ్మ కరుణమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర తెచ్చి, వెనకాల గోడకు కట్టమని ఇచ్చింది. మేకులకు చీర కట్టి, నాలుగేళ్ళ వెన్నెలను స్టూలు మీద కూర్చోబెట్టి, తల దువ్వి, ఫోను ఎత్తాక ఎందుకో అనుమానం వచ్చి నిబంధనలు మళ్ళీ చదివాను. వెనకాల లేత రంగు ఏదైనా ఉండొచ్చట, తెలుపు మాత్రం వద్దట.

"తెలుపు వద్దని రాసిన మారాజు ఎవురు? పరలోకంలో కూడా తెల్లగుడ్డలేగా ఇచ్చేది!" అని అత్తమ్మకు కోపం వచ్చింది. చీర విప్పి, మడత పెట్టి, పడకగది గుమ్మానికున్న లేతనీలం కర్టెన్ తెచ్చి కట్టాను. "అమ్మా, నవ్వొచ్చా?" అంది వెన్నెల. కార్డు ఫొటోలో నవ్వకూడదన్నాను. ఈ లోపల పప్పు మాడింది. మాడిన సంగతి భోజనాల దగ్గర అందరూ విడివిడిగా నాకు చెప్పారు.

వెన్నెల ఐర్లాండ్‌లో పుట్టింది. నేనక్కడ ఆసుపత్రిలో నర్సును. ఉద్యోగం నాకు వచ్చింది, నా వెనకాల వినయ్ వచ్చాడు. ఈ మాటను ఈ ఇంట్లో ఈ వరసలో చెప్పకూడదు. మా మామయ్య సుందరరాజు గారు ఎప్పుడూ "మావాడు ఐర్లాండులో ఉన్నప్పుడు" అనే మొదలుపెడతారు. పాప పుట్టేనాటికి నేనక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను గనక దానికి పుట్టుకతోనే ఆ దేశపు పౌరసత్వం వచ్చింది, పాస్‌పోర్టు వచ్చింది. పోయిన ఏడాది అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అన్నారు. నేను ఏడాది సెలవు పెట్టాను, ముగ్గురం మార్కాపురం వచ్చాం. అత్తమ్మ ఇప్పుడు కర్ర లేకుండా చర్చి మెట్లెక్కుతోంది. వినయ్ మాత్రం ఇంక కదలనన్నాడు. పెద్దారవీడు పోయే రోడ్డులో, గోడలకు అంటించే రాతిపలకలు కోసే యూనిట్ పెట్టుకున్నాడు.

పాప వీసా అక్టోబరుతో అయిపోతుంది. నా సెలవు నవంబరుతో అయిపోతుంది. అక్కడ ఉండడానికి ఆ దేశం నాకిచ్చిన కార్డుకు కూడా నవంబరే ఆఖరు. ఆ లోపల పోయి, ఉద్యోగంలో చేరి, కార్డు పొడిగించుకోకపోతే ఉద్యోగమూ ఉండదు, మళ్ళీ వెళ్ళే దారీ ఉండదు. పాప గడువు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. నా గడువు చెప్పిన ప్రతిసారీ కొత్తగా వింటారు.

ఫొటో ముందే దిగింది గానీ, కార్డే చేయించాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. పాప సంగతి ఏం చేయాలని ఆ మధ్యాహ్నమే మాడిన పప్పు దగ్గర పంచాయితీ జరిగింది. "ఆ పాస్‌పోర్టు ఆళ్ళ మొహాన కొట్టి మన ఇండియా పిల్లను చేసుకుందాం" అన్నారు మామయ్య. ఇచ్చేస్తే మళ్ళీ తెచ్చుకోవడం మన చేతిలో ఉండదు మామయ్యా అన్నాను. వెంటనే వినయ్, "వద్దు నాయనా. రేపు పాప చదువుకు అది పనికొస్తాది" అన్నాడు. నా చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. కూతురు రేపెప్పుడో చదువుకోవడానికి ఐర్లాండ్ కావాలట, పెళ్ళాం ఈరోజు ఉద్యోగం చేసుకోవడానికి మాత్రం అక్కర్లేదట. ఆ రెండూ ఒకే ఐర్లాండని ఆయనకు తట్టనే లేదు.

ఇంక మిగిలినవి రెండు దారులు. గడువు తీరినప్పుడల్లా వీసా పొడిగించుకుంటూ పోవడం ఒకటి. బయటి దేశాల పౌరులైన మనవాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు చేయించడం ఇంకొకటి. కార్డు గురించి ఉన్నదంతా గట్టిగా చదివి వినిపించాను. జీవితాంతం చెల్లుతుంది. వీసా అక్కర్లేదు. ఎన్నిసార్లయినా పోయి రావొచ్చు. ఓటు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగం ఉండదు, పొలం కొనుక్కోవడం కుదరదు. మామయ్యకు జీవితాంతం అన్నదొక్కటే చెవిన పడింది. "అయితే అదే చెయ్యి. పాప ఇంక జీవితాంతం ఈడనే ఉంటాది" అన్నారు. పోయి రావొచ్చు అన్న ముక్క నా ఒక్కదానికే వినిపించినట్టుంది. పాపకు ఆ కార్డే రావాలని నాకూ ఉంది గనక నేను మారుమాట్లాడలేదు. ఇక్కడి వీసా గడువు దాటిన పిల్లను తీసుకొని దేశం దాటడం కూడా కుదరదు.

"మరి నా కార్డు?" అన్నాను.

"నీకేం కార్డే? నువ్వు ఇండియా దానివేగా!" అన్నాడు వినయ్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వినయ్ చెడ్డవాడు కాదు. అక్కడ గోడౌన్లో అట్టపెట్టెలు మోశాడు, పాపను ఎత్తుకొని పార్కులో తిప్పాడు, నా నైట్ డ్యూటీలప్పుడు పాలసీసాలు కడిగాడు. అవన్నీ నేను మర్చిపోలేదు. "ఆడ నేనెవురు? సిస్టర్ షారోన్ మొగుణ్ణి. ఈడ నాకొక పేరుంది" అన్నాడు ఒకసారి. ఆ బాధ నాకు అర్థమైంది. ఎందుకు అర్థం కాదు? ఇక్కడ నేను సుందరరాజు గారి కోడల్ని, వినయ్ భార్యను, వెన్నెల వాళ్ళమ్మను. అక్కడ ఇద్దరం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవాళ్ళం. ఇక్కడ దిగిన మొదటివారమే "అమ్మ ముందర పేరు పెట్టి పిలవమాక, బాగుండదు" అన్నాడు. ఆయన పేరు కూడా నా నోట్లోనుంచి తీసేసుకున్నాడు.

నా నర్సు పని మాత్రం వీధి అంతటికీ గుర్తుంది. తెల్లారి నేను చీపురు పట్టుకునే లోపలే పక్కింటి మణెమ్మ పిన్ని చక్కెర సూది పట్టుకొని వస్తుంది. ఎదురింటి వాళ్ళకు బీపీ చూడాలి. ఎవరికో కట్టు మార్చాలి. ఎవరికో ఇంటి దగ్గరే సెలైన్ పెట్టాలి. ఖాళీగా ఉన్నావా అని ఒక్కరూ అడగరు. "ఇంట్లో ఊరికే ఉండేదేగా, పిలవండి" అంటుంది అత్తమ్మ. "మా కోడలు ఎవురి దగ్గరా డబ్బులు తీసుకోదు" అని కూడా చెబుతుంది, నన్నడక్కుండానే. అక్కడ వార్డులో నేను చెప్పిన మాట కోసం డాక్టరు ఆగి వినేవాడు. సిస్టర్, నీకేమనిపిస్తోంది అని అడిగేవాడు. ఏడాదిగా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏమనిపిస్తోందో చెప్పడం మర్చిపోతానేమోనని నాకు భయం పట్టుకుంది.

కార్డుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలు కావాలి. వినయ్ ఇంటికొచ్చేసరికి అలిసిపోయి ఉంటాడని కాగితాలు యూనిట్‌కే తీసుకెళ్ళాను. మిషన్లు రాయి కోస్తున్నాయి, మనుషుల కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము. పేర్చిన పలకల మీద కాగితం పెట్టుకొని సంతకం చేసేశాడు. ఒకసారి చదవమన్నాను. "నువ్వు చదివినావుగా" అన్నాడు. పలకల లోడుకొచ్చిన లారీ బిల్లు మాత్రం పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఇంటికొచ్చి వెన్నెల బొటనవేలు ప్యాడు మీద అద్ది వేలిముద్ర వేయించాను. ఆ ఇంకు వేలితో అది నాయనమ్మ తెల్లచీర పట్టుకుంది. ఉతకడం కూడా నా పనే అయింది.

అసలు కాగితాలు చూపించడానికి పాపను తీసుకొని హైదరాబాదు పోవాలి. వినయ్‌కు లోడు ఉంది. మామయ్య చర్చిలో సంఘపెద్ద, ఆయనకు ప్రార్థన కూటాలున్నాయి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేసరికి పాప నా ఒళ్ళో వాంతి చేసుకుంది. అక్కడ విదేశీయుల ఆఫీసులో అధికారి కాగితాలు చూసి, "తండ్రి రాలేదా అమ్మా?" అన్నాడు. "సంతకం వచ్చింది సార్" అన్నాను. ఆయన నవ్వాపుకొని ముద్ర వేశాడు.

కార్డు వచ్చిన రోజు ఇల్లంతా పండగ. మామయ్య దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశారు, వీధిలో అందరికీ చూపించారు. "ఓసీ కార్డా? మనకు ఓసీ ఎట్ల ఇచ్చినారమ్మా?" అని మణెమ్మ పిన్ని నోరెళ్ళబెట్టింది. శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టాలని మామయ్య నిశ్చయించారు. ఉద్యోగం వచ్చినా, బోరులో నీళ్ళు పడినా, ఆపరేషన్ బాగా జరిగినా మా వాళ్ళలో కూటం పెట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి, అందరికీ భోజనం పెడతారు.

ఆ మధ్యాహ్నం వినయ్ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. "నవంబరు మొదటివారంలో నేను వెళ్ళాలి. పాపను తీసుకెళ్తాను. నువ్వూ వస్తే సంతోషం. రాకపోయినా సెలవులు దొరికినప్పుడల్లా పాపను తీసుకొస్తాను. ఆ కార్డు ఉన్నదే అందుకు" అన్నాను.

"పాప కార్డు వచ్చిన తర్వాత కూడా ఏంది నీ గోల?"

"నా కార్డు పోతుంది వినయ్."

"అమ్మ వింటాది, మెల్లగా. ముందు కూటం కానీ. నాయన అందరికీ చెప్పుకున్నాడు. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"తర్వాత అంటే తర్వాత. పెరుగెయ్."

పెరుగు వేశాను. ఎంగిలి కంచాలు తీసి, బండ తుడిచి, చేతులు కడుక్కొని, వంటింట్లో నిలబడే ఫోన్లో రెండు టికెట్లు తీశాను. ఒకటి నాకు, ఒకటి పాపకు. ఇంకో సీటు ఎప్పుడైనా దొరుకుతుంది, కావాలనుకున్న మనిషికి. మణెమ్మ పిన్ని సూదికి వస్తే సూదీ వేశాను.

శనివారం హాలు నిండా చాపలు పరిచాం. పొద్దుటినుంచి కోడికూర, అన్నం, చారు నేనూ అత్తమ్మా వండాం. సామ్యేలు పాస్టరుగారు వచ్చారు, పాటలయ్యాయి. మామయ్య లేచి గొంతు సవరించుకున్నారు. "మా మనవరాలు ఇంక ఈ గడ్డ బిడ్డ. ఈ కార్డు ద్వారా దేవుడు మా కోడలిని కూడా ఇంక ఏ దేశం పోకుండా ఆపినాడు" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. కార్డు ఇచ్చేదే వేరే దేశపు పౌరులకని నేను చదివి వినిపించిన సంగతి ఈయనకు ఏమాత్రమూ గుర్తులేదు. వినయ్ నా వైపు చూడకుండా, పాటలకు వాయించిన గంజిరా సర్దుకున్నాడు. నన్ను అడగకుండా నా సంగతి దేవుడి మీద పెట్టి తేల్చేశారని నాకు కోపం పొంగుకొచ్చింది.

"లెయ్ షారోనూ, నువ్వు గూడా సాక్ష్యం చెప్పు. కార్డుకు తిరిగింది నువ్వేగా" అంది అత్తమ్మ, నా మోచేతిని తట్టి.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తన బతుకులో జరిగింది దేవుడి ముందు చెప్పుకునే ఆ సాక్ష్యానికి లేచిన మనిషిని మధ్యలో ఆపరు. తాగొచ్చి కొట్టిన మొగుడి గురించి భార్య చెప్పినా, ఆ మొగుడు పక్కనే తల వంచుకొని వినాల్సిందే. చివర ప్రార్థన మనవి చెబితే పాస్టరుగారు చేయాల్సిందే. నా చిన్నప్పటినుంచి చూస్తున్నాను, ఆడదాని మాట అడ్డులేకుండా చివరిదాకా సాగే చోటు మాకు అదొక్కటే.

లేచి కొంగు తలమీద వేసుకున్నాను.

"దేవునికి స్తోత్రం. పాపకు కార్డు వచ్చింది, సంతోషం. ఈ కార్డుతో పాప ఎప్పుడు కావాలంటే అప్పుడు నాయనమ్మను, తాతను చూడ్డానికి రావొచ్చు, పోవొచ్చు. ఏడాది క్రితం అత్తమ్మ నడవలేకపోయింది. నా చేతులతో నడిపించాను, ఇప్పుడు తానే నడుస్తోంది. దానికీ స్తోత్రం. దేవుడు నాకు నర్సు పని ఇచ్చాడు. ఆ పని ఐర్లాండ్‌లో నా కోసం ఇంకా ఉంది, నవంబరు దాటితే ఉండదు. నవంబరు మొదటివారంలో నేనూ వెన్నెలా బయలుదేరుతున్నాం. టికెట్లు తీశాను. మా ఆయన కూడా రావాలని నా ఆశ. ప్రయాణం కోసం, నా ఉద్యోగం కోసం అందరూ ప్రార్థన చేయండి. ఇదే నా సాక్ష్యం."

ఎవరూ స్తోత్రం అనలేదు. కూర్చొని వెన్నెలను ఒళ్ళోకి తీసుకున్నాను. వినయ్ చేతిలో గంజిరా ఒక్కసారి గల్లుమని ఆగింది. పాస్టరుగారు మామయ్య వైపు చూశారు. మామయ్య బైబిలు అట్ట మీద గోరుతో గీకుతున్నారు. మణెమ్మ పిన్ని "మరి నా సూది?" అని గొణిగింది. అత్తమ్మ నన్ను కాసేపు చూసింది. ఎంత ఉతికినా ఇంకు మరక పూర్తిగా పోని ఆ తెల్లచీర కొంగు తలమీదికి లాక్కొని, అందరికంటే ముందు కళ్ళు మూసుకుంది. ఆమెను చూసి ఆడవాళ్ళు, ఆడవాళ్ళను చూసి మగవాళ్ళు మూసుకున్నారు.

పాస్టరుగారికి ఇంక దారి లేదు. చేతులెత్తి, మొదట తడబడి, తర్వాత ఆయన మామూలు ధోరణిలో పడిపోయారు. "తండ్రీ, మా సహోదరి షారోనును, బిడ్డ వెన్నెలను క్షేమంగా చేర్చు. ఆమె ఉద్యోగాన్ని కాపాడు. ఆమె చేతులను దీవించు. ఆమె వెళ్ళే తలుపు ఎవరూ మూయకుండా నువ్వే తెరిచి పట్టుకో తండ్రీ." గొంతు పెరిగే కొద్దీ చుట్టూ అవును ప్రభువా, అవును ప్రభువా అనడం మొదలుపెట్టారు. ఇక్కడ ఎవరికీ ఇష్టం లేదన్న సంగతి ఆయన మర్చిపోయినట్టే ఉన్నారు. నా ఒళ్ళో వెన్నెల ఒక కన్ను తెరిచి నన్ను చూసింది, ఇప్పుడు నవ్వొచ్చా అన్నట్టు. తలూపాను.

ప్రార్థన ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు. చిన్నప్పటి అలవాటు కొద్దీ వినయ్ కూడా గట్టిగా అన్నాడు. అన్నాక కళ్ళు తెరిచాడు.