చెల్లెలికి ఎంత చోటు

అక్క పొద్దున్నే దుకాణం తెరిచి, మిషను మీద కప్పిన గుడ్డ దులిపి, కత్తెరకి రెండు చుక్కల నూనె రాసి, ఆ తర్వాతే టీ తాగుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. ఆ దర్జీ దుకాణంలో చెత్తబుట్ట ఉండదు. ఎప్పుడూ అవసరం పడలేదు. ఏ గుడ్డ తెచ్చిచ్చినా చొక్కాకో, గౌనుకో, కిటికీ తెరకో అతికినట్టు సరిపోయేది. పీలిక మిగిలేది కాదు, బెత్తెడు తగ్గేది కాదు.

గుడ్డ ఒక్కటే కాదు, ఆమె చేత్తో ఏది కొన్నా అంతే. పాలు కొంటే ఆ పూటకి ఆఖరి చుక్క దాకా సరి. ఎందుకో రెండు గుడ్లు ఎక్కువ కొన్న రోజున చెప్పాపెట్టకుండా ఇద్దరు చుట్టాలు దిగుతారు. వీధిలో వాళ్ళు దీనికి ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశారు. "గోడకి ఎన్ని డబ్బాల రంగు కావాలో తెలీట్లేదు, కాస్త వచ్చి కొనిపెట్టవూ" అని పిలిస్తే వెళ్ళేది. డబ్బా ఊడ్చినట్టు అయిపోయేసరికి గోడ కూడా అయిపోయేది.

ముందే తెలిసి కొంటుందా, ఆమె కొన్నదాన్ని బట్టి జరగాల్సింది జరుగుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అక్క అడిగింది, తనలో తను. నాన్న మంచాన పడ్డప్పుడు చేతిలో ఉన్నంతలో పది మాత్రల అట్ట ఒకటి కొనుక్కొచ్చింది. పదో మాత్ర వేసిన మధ్యాహ్నం నాన్న పోయాడు. ఇరవై కొనుంటే? ఆ మాట ఇన్నేళ్ళలో నోటి దాకా వచ్చి వెనక్కి పోయిందే కానీ, ఎవరి ముందూ బయట పడలేదు.

ఇప్పుడు చెల్లెలికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. విడిగా ఉంచే వార్డులో చేర్చుకున్నారు. ఆదివారం పూట గాజు పలకకి ఇవతల నిలబడి, గోడకున్న ఫోనులో మాట్లాడాలి. లోపలికి వెళ్ళిన వస్తువు మళ్ళీ బయటికి రాదు. ఒక ట్యాబ్ మాత్రం ఇచ్చుకోవచ్చు, అదీ సీలు విప్పనిది. రోజూ నాలుగింటికి పావుగంట నెట్ వదులుతారు. దాన్లో ఎదురెదురుగా మాట్లాడుకోనివ్వరు. ఇంటి నుంచి పంపిన వీడియోలు దిగుతాయి, మర్నాటి నాలుగు దాకా వాటినే చూసుకుంటూ ఉండాలి.

"మీరే కొనండి వదినా" అన్నాడు మరిది, చెల్లెలి మొగుడు. సిటీ బస్సు నడుపుతాడు, డ్యూటీ దిగి ఆ చొక్కాతోనే వచ్చాడు. "మీ చేయి మంచిది."

అక్కకి పది మాత్రల అట్ట కళ్ళ ముందు మెదిలింది.

ఫోన్ల షాపులో కుర్రకారంతా ఒకచోట మూగి ఉన్నారు. అమ్మే అతను మూడు డబ్బాలు వరసగా పెట్టాడు. "స్టోరేజ్ ఎంత కావాలమ్మా? అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది, రెండు వందల యాభై ఆరు."

"ఏంటయ్యా అవి, కిలోలా?" అన్నాడు మరిది, నవ్వించబోయి.

"జీబీలు సార్. లోపలి చోటు. ఇంతకీ దీన్లో ఏం పెట్టుకుంటారమ్మా?"

"మా చెల్లెల్ని" అంది అక్క.

అతను బిల్లు పుస్తకంలోంచి తలెత్తి చూశాడు. మరిది గొంతు సవరించుకుని, "వీడియోలు, వీడియోలు" అని సర్దాడు.

అక్క చిన్న డబ్బా మీద చెయ్యి వేసింది. చిన్నదైతే తొందరగా నిండుతుంది. తొందరగా ఇంటికొచ్చేస్తుందనా, తొందరగా పోతుందనా? చెయ్యి తీసేసింది. పెద్దదాని మీద వేసింది. "ఆ గదిలో ఒక నెల అంటే మాటలు కాదమ్మా, ఆ గొట్టాలూ, ఆ దగ్గూ" అని డాక్టరు అన్న మాట గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి గొట్టాల మధ్య ఉంచమని కోరుకుంటే అది ప్రేమా, పగా?

"తర్వాత కావాలంటే చోటు కలుపుకోవచ్చా?"

"కార్డు పెట్టే సందు లేదమ్మా దీనికి. ఇప్పుడెంత తీసుకుంటే అంతే."

"చిన్నది చాలు వదినా, నెలలో వచ్చేస్తుందిగా" అన్నాడు మరిది. అంతలోనే, "పోనీ పెద్దదే తీసుకుందామా?" అన్నాడు. మళ్ళీ తనే తల గోక్కున్నాడు.

"నువ్వు కొను మరిదీ. నీ చేత్తో."

"నా చేయి స్టీరింగుకి తప్ప దేనికీ పనికిరాదు వదినా. నన్ను వదిలెయ్యండి."

అక్క మధ్య డబ్బా తీసుకుంది. అది బాగుందని కాదు. అటు చూసినా భయమే, ఇటు చూసినా భయమే. కళ్ళు మూసుకుంటే చేతికి తగిలింది అది.

మొదటి ఆదివారం గాజు అవతల చెల్లెలు ట్యాబ్ ఎత్తి చూపించింది. దుప్పటి మీద చేతులు పుల్లల్లా ఉన్నాయి. "నూట ఐదే ఖాళీ ఉందక్కా."

సోమవారం దుకాణం తెరవకుండా అక్క ఆ షాపుకి పరిగెత్తింది. "నూట ఇరవై ఎనిమిది అని రాసి నూట ఐదు ఇస్తావా?"

"మోసం కాదమ్మా. దాని సొంత సరుకు లోపల ఉంటుంది, దానికి కొంత పోతుంది. ఏ కంపెనీదైనా అంతే."

"ముందే చెప్పొద్దూ?"

"ఎవరూ అడగరమ్మా" అన్నాడు అతను పాపం, నిజంగానే నొచ్చుకుంటూ.

ఆ ఇరవై మూడు ఎన్ని రోజులో అక్కకి తెలీదు. మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు.

చెల్లెలి కూతురికి ఏడేళ్ళు. అందరూ బుడ్డది అంటారు. అది పెద్దమ్మ ఫోను లాక్కుని దొరికినదల్లా తీసేది. ఊగుతున్న పన్ను, రెండో తరగతి పాఠం, వాళ్ళ నాన్న గురక, మిషను కింద దూరిన పక్కింటి పిల్లి. "అమ్మా, ఇది చూశావా, ఇంకోటి చూపిస్తా ఉండు" అంటూ గుక్క తిప్పుకోకుండా కబుర్లు. ఒకసారి ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టి మర్చిపోయింది. పదకొండు నిమిషాల పాటు ఇంటి పైకప్పు తప్ప ఏమీ లేదు. అదీ పంపించేసింది.

ఆదివారం ఆదివారానికి అంకె దిగుతూ వచ్చింది. తొంభై నాలుగు. ఎనభై. అరవై ఒకటి. అంకె దిగినట్టే చెల్లెలు కూడా దిగింది. నలభైలో పడేసరికి లేచి కూర్చోవడానికి నర్సు ఆసరా కావలసి వచ్చింది.

ఇక అక్క ఫోను దాచేసింది. "రోజుకి ఒక్కటే. చిన్నది. అమ్మకి చోటు లేదు."

బుడ్డది వాదించలేదు. అదే కష్టంగా ఉంది. నిలబడి, చేతులు కట్టుకుని, "అమ్మా బాగున్నాను బడికెళ్ళాను అన్నం తిన్నాను ఉంటాను" అని ఒక్క ఊపులో అనేసి, "చిన్నగా వచ్చిందా పెద్దమ్మా?" అని అడిగేది. పాటలు మానేసింది.

ఆ వారమే చెల్లెలు కనిపెట్టింది. "బుడ్డదాన్ని ఎవరన్నా తరుముతున్నారా ఏంటే? ఆ మాటలేంటి, టెలిగ్రాంలాగా?"

అక్క ఫోను తీగని వేలికి చుట్టుకుంది.

"నీ చేతి సంగతి నాకు తెలీదనుకున్నావా?" ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది చెల్లెలు. "నాన్న మాత్రలు లెక్కపెట్టుకున్నది నువ్వొక్కదానివే కాదు. ఇది నువ్వు కొన్నావని మీ మరిది చెప్పిన రోజే నాకు అర్థమైంది."

"అయితే పాతవి తీసెయ్యవే. నర్సమ్మ చెప్పింది, అందరూ అలాగే చేస్తారట. ఒక్కొక్కటీ తీసేస్తే చోటు వస్తుంది."

"ఏది తియ్యమంటావు? నువ్వే చెప్పు."

అక్క ఆలోచించింది. పన్ను కాదు. పిల్లి కాదు. "ఆ పైకప్పుది తీసెయ్. దాన్లో ఏముందని?"

చెల్లెలు ట్యాబ్‌ని గుండెకి అదుముకుంది. "అది మాత్రం అడక్కు. దాన్లో చెంచాలు చప్పుడవుతాయి. నువ్వు మా ఆయన్ని ఉప్పెక్కువేశావని తిడతావు. కుక్కర్ కూత పెడుతుంది. రోజూ అది పెట్టుకునే నిద్రపోతానే, ఇంట్లో ఉన్నట్టు."

అక్క తల ఊపింది.

"బుడ్డదాన్ని మాట్లాడనీ" అంది చెల్లెలు. "పాడనీ. ఖాళీ మిగుల్చుకుని నేనేం చేసుకోను?"

అక్క సరేనంది. అని, అన్న మాట మూడు వారాలు నిలబెట్టుకుంది. అంకె ఒకటి దగ్గరకి వచ్చిన రోజు, నేను పంపుతాలే అని బుడ్డదాని చేతిలోంచి ఫోను తీసుకుంది. పంపలేదు. మర్నాడూ పంపలేదు. చోటు లేదని మళ్ళీ అనేసరికి బుడ్డది పాటలు మాని రోజూ చిన్నవే తీసింది, అక్క వాటిని ఫోనులోనే దాచి, వెళ్ళాయిలే అని దానితో అబద్ధమాడుతూ వచ్చింది. ఆదివారం చెల్లెలు అడిగితే నెట్ అందట్లేదని నెపం పెట్టింది. వార్డులో చెల్లెలి పరిస్థితి అలాగే నిలిచిపోయింది. మెరుగు లేదు, దిగుడూ లేదు. డాక్టర్లు కాగితాలు తిప్పి చూసుకున్నారు. మరిది ముఖంలోకి కొంచెం రంగొచ్చింది. "చూశారా వదినా, నిలదొక్కుకుంది" అన్నాడు. అక్క తల వంచుకుని బొత్తాలు కుట్టుకుంది.

తొమ్మిదో రోజు నర్సు ఫోను చేసింది. "ఆవిడకి ఏం తేడా లేదమ్మా. కాకపోతే పొద్దస్తమానం గోడ వైపు తిరిగి పడుకుంటోంది. మూడున్నర అయ్యేసరికి నన్ను పిలిచి లేపి కూర్చోబెట్టమంటుంది. జుట్టు దువ్వమంటుంది. నాలుగుంపావు దాకా ఆ తెర వంకే చూసి, మళ్ళీ పడుకోబెట్టమంటుంది. రోజూ ఇదే. ఏమైనా పంపకూడదా?"

అక్క ఫోను పెట్టేసి చాలాసేపు మిషను మీద తల ఆనించుకుంది. తను ఆపింది చావునని అనుకుంది. చెల్లెల్ని మాత్రం నాలుగుంపావు దగ్గర ఆపేసింది.

ఆ రోజు బడి నుంచి వచ్చిన బుడ్డదాన్ని కిటికీ దగ్గర నిలబెట్టింది. "ఇవాళ పాట పాడమ్మా."

"పెద్దదా? అంతా?"

"అంతా."

"మరి చోటు?"

"ఉంది. నీ పాటకి సరిపడా ఉంది."

బుడ్డది గౌను సర్దుకుని పాడింది. మొదట గొంతు రాలేదు, ఇన్నాళ్ళూ పాడకపోవడం వల్ల. రెండో చరణానికి విప్పుకుంది. మూడో చరణంలో ఒక మాట మర్చిపోయి, నాలిక కరుచుకుని, నవ్వేసి, మిగతాది ఇంకా గట్టిగా పాడింది.

"తప్పు పోయింది పెద్దమ్మా. మళ్ళీ పాడనా?"

"వద్దు. అమ్మకి ఇదే కావాలి."

గడియారం నాలుగు కొట్టింది. ఆ వార్డులో చెల్లెలు ఇప్పుడు దువ్విన జుట్టుతో కూర్చుని ఉంటుంది.

"నేను పంపుతా, నేను నొక్కుతా!" బుడ్డది ఫోను మీదకి ఎగబడింది. ఇదివరకు రోజూ నొక్కేది అదే.

అక్క ఆ చిట్టి వేలిని పట్టుకుని మెల్లగా పక్కకి తీసింది. "ఇవాళ కాదమ్మా. ఇవాళ నేనే నొక్కాలి."

"ఎందుకు?"

అక్క నొక్కింది. తెర కింద సన్నటి గీత ఎడమ నుంచి కుడికి నిండుతూ పోతుంటే, బుడ్డది ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది.