మడమ దగ్గర వేలెడు ఇనుము

ఓదెలు పెండ్లిగుర్రం చాందిని లాడాలు మూడు పెండ్లిళ్లుగా ఊడలేదు. ఈ మాట కోరుట్లలో ఎవరి నోట విన్నా నాల్‌బంద్ ఫజలుద్దీన్‌కు పుండు మీద కారం చల్లినట్టుండేది.

ఎడ్లకు లాడాలు కొట్టే ఇల్లు వాళ్లది. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాక అతనికి మిగిలింది ఈ గుర్రం ఒక్కటే. అతను కొట్టిన ముందు కాలి లాడాన్ని అది రెండు వారాలకోసారి పీకేసుకునేది. ఊడినప్పుడల్లా ఇంకో మొల ఎక్కువ దిగ్గొట్టేవాడు. ఆరు ఏడయ్యాయి, ఏడు ఎనిమిదయ్యాయి, చివరికి గిట్ట అంచు పెచ్చులూడింది. ఓదెలు గుర్రాన్ని సిరిసిల్లలో మధు దగ్గరికి తోలుకుపోయాడు.

మధు! పదేళ్ల కింద పని నేర్పమని వచ్చి గుమ్మంలో నిలబడితే, "మీ నాయిన కల్లుకు తాళ్లు గీస్తడు, నువ్వు గూడ మోకు వట్టుకొని ఎక్కుపో" అని వెళ్లగొట్టింది ఫజలుద్దీనే.

ఆ ఆదివారం పొద్దున ఒక పెండ్లివారి విడిది వెనక చాందినిని కట్టేసి ఓదెలు చాయ తాగడానికి పోయాడు. ఫజలుద్దీన్ సంచిలో పట్కారు, సుత్తి వేసుకొని అటు నడిచాడు. గుర్రం అతన్ని గుర్తుపట్టి, అడక్కుండానే ముందు కాలు ఎత్తి చేతికిచ్చింది. మధు కొట్టినవి ఆరే మొలలు. గిట్ట మీదికి వంచిన మొలల కొనలు రెండింటిని పట్కారుతో లేపి వదిలాడు. బ్యాండు ముందు, నలుగురి ముందు ఊడాలి. అప్పుడు ఓదెలు మళ్లీ తన గడపే తొక్కుతాడు.

ఊరేగింపు కదిలింది. జనం పెండ్లికొడుకును చూస్తుంటే అతను గిట్టలను చూస్తూ వెనకాలే నడిచాడు. గుంతలొచ్చాయి, కంకర వచ్చింది. లాడం ఊడలేదు. వెనక కాలు ప్రతి అడుగుకూ ముందు కాలి మడమ దాకా వచ్చి, పట్టుకోవడానికేమీ దొరక్క పక్కకు పోతోంది. మధు లాడాన్ని మడమతో సమంగా కోశాడు. ఎద్దు గిట్ట అరగకూడదని ఫజలుద్దీన్ తండ్రి వెనక్కి వేలెడు ఇనుము వదిలేవాడు. అదే కొలత తను గుర్రానికీ పెట్టాడు. ఇన్నేళ్లూ వెనక కాలు ఆ వేలెడు ఇనుమును తొక్కి లాడాన్ని పీకింది. ఎన్ని మొలలు కొడితే ఏం లాభం?

ఫంక్షన్ హాలు ముందు ఓదెలు నవ్వాడు. "ఏం ఫజల్ భాయ్, పిలగాణ్ణి చూడకుంట గుర్రం కాళ్లు చూసుకుంట అచ్చినవ్?"

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"నీ మధు పని చూస్తున్న. రెండు మొలలు లేసినయి, సూడు."

ఓదెలు వంగి చూశాడు. "పొద్దుగాల నేనే కడిగిన. ఒక్కటి గూడ లేవలే." అతని చూపు సంచిలోంచి బయటికొచ్చిన పట్కారు మీద ఆగింది. "పైన పిలగాడు కూసున్నడు, భాయ్. పడితే?"

ఫజలుద్దీన్ కూర్చొని, కాలు ఎత్తి, రెండు కొనలనూ మళ్లీ సుత్తితో అణిచాడు.

"ఇగ దీని కాలు వట్టకు" అన్నాడు ఓదెలు.

ఫజలుద్దీన్ ఇంటికొచ్చి, గోడకు వేలాడుతున్న కొత్త లాడాలన్నీ దించి మడమ దగ్గర కోయడం మొదలుపెట్టాడు. భార్య అజీజాబీ గడపలో నిలబడి చూసింది.

"ఎవల గుర్రానికి గవి?"

"వాడు కోసినదాని కంటె ఇంకింత పొట్టిగ కోస్త" అన్నాడతను. మరీ పొట్టిదైతే మడమ కింద ఆసరా ఉండదని తెలిసే కోస్తున్నాడు.