సాయంత్రం ఆరింటి తడి

గడియారాలు బాగుచేసే ఆయన మా మొక్కల క్లినిక్‌కి మొదటిసారి వచ్చినప్పుడు ఆర్కిడ్ ఆకును ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ఆ సంచిని టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చారు. డబ్బా మూత తీయగానే పక్క బల్ల దగ్గరి గుమస్తా ముక్కు మూసుకున్నాడు.

"దారిలోనే కుళ్లిపోయింది బాబాయి గారూ. పొడి కాగితంలో చుట్టి తేవాలి. ఇప్పుడిక మొదట్లో ఏ జబ్బుండేదో చెప్పడం కష్టం," అన్నాను.

"అంటే, పేషెంటుని నేనే చంపి తెచ్చానంటావ్."

నవ్వాను. మచ్చలు ఎలా మొదలయ్యాయని అడిగితే, చిన్న చుక్కలనీ, చుట్టూ పసుపురంగు అంచనీ చెప్పారు. శిలీంధ్రపు మచ్చే అయి ఉంటుందనుకుని ఒక పొడిమందు రాసిచ్చాను. చూడకుండా రాసిన మందు అది. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. నాన్న మూటలు మోసి చదివించాడు. "మనుషుల డాక్టరువి కాకుండా ఆకుల డాక్టరువేంటే" అని అమ్మ ఎగతాళి చేస్తుంది గానీ, వీధిలో ఎవరి కుండీ వాడినా నా దగ్గరికే పంపుతుంది. అందుకే 'నాకు తెలీదు' అనడానికి నాకు నోరు రాదు. ఆ రోజూ రాలేదు.

పది రోజులకు ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి ఆకు కాగితంలో ఉంది. నీళ్లలో నానినట్టు మెత్తగా ఉంది. వేలితో నొక్కితే పై పొర జారింది. శిలీంధ్రపు మచ్చ పొడిగా, గుంటపడి ఉంటుంది. ఇది బాక్టీరియా కుళ్లు. నేనిచ్చిన మందు దీన్ని ఏమీ చెయ్యదు.

"తప్పు నాదే బాబాయి గారూ."

"తప్పు సంగతి తర్వాత. ఇంట్లో ఉన్న మూడు మొక్కల్లో ఒకదానికి ఆకుల నడిమి మొవ్వు దాకా నల్లబడింది. అవి పోకూడదమ్మాయ్." కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "మా ఆవిడ పెంచినవి. ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ముప్ఫై ఏళ్లు నాకు సందివ్వకుండా మాట్లాడిన మనిషి! ఇప్పుడు రోజంతా గోడకేసి చూస్తుంది. సాయంత్రం నేను మొక్కలకి నీళ్లు కొట్టేటప్పుడు మాత్రం ఎడం చేత్తో మంచం పట్టె మీద టకటకా కొడుతుంది. అంత సంబరం! అవి కూడా పోతే ఇంక నాతో..."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఒక్క మాట వినాలనుంది. తిట్టయినా సరే," అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తానన్నాను.

రెండో అంతస్తులో చిన్న ఇల్లు. కిటికీ పక్కన మంచం, కిటికీ గట్టు మీద మూడు కుండీలు. ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తల కొద్దిగా వంచారు. గోడ గడియారం ఆరు చూపించగానే ఆయన నీళ్ల స్ప్రే సీసా అందుకున్నారు.

"ఆరింటికేనా ఎప్పుడూ?"

"ఆవిడ పద్ధతే. దుకాణం నుంచి ఆరింటికి ఫోన్ చేసేవాణ్ణి. 'ఉండండి, మొక్కలకి నీళ్లు కొడుతున్నా' అని పెట్టేసేది. నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. నేనూ తప్పనివ్వడం లేదు."

ధారాళంగా కొట్టారు. ఆకుల మీద నుంచి జారిన నీళ్లు మొవ్వులోకి దిగి గుంటలో నిలిచాయి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. వెంటనే పట్టె మీద చప్పుడు మొదలైంది. టక టక టక.

"చూశావా? ఎంత ముచ్చటో ఆవిడకి!"

నేను ఆవిడ చేతిని కాదు, ముఖాన్ని చూశాను. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. బురద కాళ్లతో నేను ఇంట్లోకొస్తే మా అమ్మ ముఖం అచ్చం అలాగే ఉంటుంది. కొట్టడం ఆపి ఆవిడ వేలు చాచారు. అది మొక్కల వైపు కాదు, మూలనున్న అలమర వైపు. అక్కడ గుడ్డ కప్పిన చిన్న టేబుల్ ఫ్యానూ, పక్కనే టిష్యూ కాగితం చుట్టా ఉన్నాయి.

ఫ్యాను తెచ్చి కుండీల వైపు తిప్పి వేశాను. చప్పుడు నెమ్మదించింది. టిష్యూ కాగితం కొసను మెలిపెట్టి మొవ్వులోకి దింపాను. అది నీళ్లన్నీ పీల్చుకుంది. చప్పుడు ఆగిపోయింది. ఆవిడ 'అమ్మయ్య' అన్నట్టు దిండు మీదికి వాలారు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ చేసే పని ఇదన్నమాట. ఆయన ఎన్నడూ చూడనిది.

"బాబాయి గారూ, అది సంబరం కాదండీ."

"మరి?"

"తిడుతున్నారు. ఆర్నెల్లుగా, రోజూ."

ఆయన సీసా పట్టుకునే నిలబడిపోయారు. "నన్నా?"

"ఈ ఇంట్లో నీళ్లు కొట్టేది మీరేగా."

ఆయన మెల్లగా మంచం అంచున కూర్చున్నారు. "ఏమోయ్, నన్ను తిడుతున్నావా?"

టక్.

"దద్దమ్మా అన్నావా?"

టక్.

"చేతులా చేటలా అన్నావా?"

టక్. టక్.

ఆయన ఆవిడకు ఇంకాస్త దగ్గరికి జరిగారు. ఆర్నెల్ల మాటలు ఒక్కొక్కటీ అడిగి రాబట్టుకునేట్టున్నారు. నేను అటు తిరిగి నా సంచిలోని కొవ్వొత్తి వెలిగించి, బ్లేడు కాల్చి చల్లార్చాను. కుళ్లుకు వేలెడు ఇవతల, పచ్చటి భాగంలోనే కొయ్యాలి. కోసినచోట మళ్లీ కుళ్లకుండా దాల్చినచెక్క పొడి అద్దాను. మొక్క మారినప్పుడల్లా బ్లేడు మళ్లీ కాల్చాను. మొదటి మొక్క బతుకుతుంది. రెండోదాని మొవ్వు ఆకు పట్టుకోగానే ఊడి చేతిలోకొచ్చింది. అప్పుడిక దాచలేదు.

"ఇది బతుకుతుందో లేదో నాకు తెలీదు. వేరు మొదట్లో పిల్లమొక్క పుడితే అదృష్టం. మిగతావాటి పక్కన మాత్రం ఉంచకూడదు."

ఆయన ఆవిడ వైపు చూశారు. "పారేద్దామా?"

చప్పుడు లేదు.

"వంటింట్లో విడిగా పెట్టనా?"

టక్.

పెట్టొచ్చారు. కోసిన చోట్లు మానేదాకా పైనుంచి నీళ్లు కొట్టొద్దనీ, పొద్దునపూట వేళ్లకు మాత్రమే పొయ్యాలనీ చెప్పాను.

"మరి ఆరింటికి నేనేం చెయ్యాలి?"

"ఫ్యాను వెయ్యండి."

మూడో కుండీ ఆయనే మంచం మీదికి తెచ్చారు. దాని ఆకు మీద ఒకటే మచ్చ, తెల్లగా పొడిబారి. "అమ్మాయ్, దీన్ని నేను కోస్తా. ఎక్కడ కొయ్యాలో ఆవిణ్ణే అడుగుతా." బ్లేడు కాల్చుకున్నారు. "ఇక్కడా? ఇంకాస్త పైకా?"

అది కుళ్లు కాదు, ఎండదెబ్బ. కొయ్యనక్కర్లేదు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. ఆవిడకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఈసారి ఆవిడ పట్టె మీద కొట్టలేదు. ఎడం చెయ్యి చాచి, బ్లేడు పట్టుకున్న ఆయన మణికట్టు అందుకున్నారు.

"వద్దా? సరే, వద్దులే," అంటూ ఆయన బ్లేడు గట్టు మీద పెట్టేశారు.

ఆవిడ చెయ్యి వదల్లేదు.