బజర్ లేని పెట్టె

కాలి నల్లబడిన యూపీఎస్‌ను విప్పి చూసేసరికి లోపల బజరే లేదు.

బోర్డు మీద బజర్ బిగించడానికి రెండు చిల్లులున్నాయి. చుట్టూ గుండ్రంగా తెల్ల గీత కూడా ఉంది. గీత మధ్య మాత్రం ఖాళీ. కాలి రాలిపోయిందేమోనని రాజ్యశ్రీ టార్చి వేసి మళ్ళీ చూసింది. సోల్డరింగ్ మచ్చ కూడా కనపడలేదు. ఫ్యాక్టరీలో అసలు పెట్టనే లేదన్నమాట.

ఎదురుగా గోడ మీద పత్రికలో తను రాసిన పేజీ అంటించి ఉంది. సగం కాలిపోయింది. మిగిలిన సగంలో ‘వాడి చూశాం’ అన్న శీర్షిక, పక్కన తన ఫొటో, కింద రెండు లైన్లు. ‘లోపల వేడెక్కితే బీప్ కొడుతుంది. తలుపులు మూసుకుని పక్క గదిలో కూర్చున్నా వినిపించేంత గట్టిగా కొడుతుంది.’

“ఆ ముక్క చదివే దీన్ని వెనక గదిలో పెట్టానమ్మా,” అన్నాడు కాశీరావు.

కాశీరావు గిలకలదిండిలో చేపల బోటు అమ్మేసి, రెండేళ్ళ క్రితం పటమటలో ఈ నెట్ సెంటర్ పెట్టాడు. పది కంప్యూటర్లు. కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళు జాయ్‌స్టిక్కులు పట్టుకుని కార్లు తోలుకునే గేములు ఆడుతుంటారు. నడిపేది మాత్రం ఆయన కూతురు ఉష. పోయిన గురువారం మధ్యాహ్నం కరెంటు పోయిన పావుగంటకు వెనక గది తలుపు కింది నుంచి పొగ వచ్చింది. ఉష లోపలికి పరిగెత్తి, మండుతున్న వైర్లు చేతులతో లాగేసింది.

“ఎలా ఉంది?”

“కుడిచెయ్యి మూడు వేళ్ళు ఇంక ముడుచుకోవంటున్నారు. కీబోర్డు చూడకుండా టైపు కొట్టేదమ్మా. గేముల్లోనూ అంతే. ‘అక్కతో పెట్టుకుంటే పరువు పోద్దిరా’ అని పారిపోయేవాళ్ళు ఎదవలు.” నవ్వబోయి ఆగిపోయాడు. “సముద్రం మీదికెళ్ళే ముందు మేం రేడియో వింటాం. తుఫాను అంటే ఆగుతాం, అనకపోతే వేటకి పోతాం. దీన్నీ అలాగే నమ్మాం. కుయ్యిమనలేదు గదా, ఫర్లేదనుకున్నాం.”

రాజ్యశ్రీ టార్చి ఆర్పింది.

“ఒక్కటే అడుగుతాను, కోప్పడకండి. ఆ బీప్ చెవులారా విని రాశారా, వినకుండా రాశారా?”

“ఎందుకండీ?”

“ఆ పిల్ల తినడం మానేసింది. బీప్ కొట్టే ఉంటది నాన్నా, ఆటల గోలలో నేనే వినలేదు, చేజేతులా చేసుకున్నానని ఒకటే ఏడుపు. పుస్తకంలో రాశారు గదా, రాసినవాళ్ళు అబద్ధం చెప్తారా అంటది. బజర్ లేదంటే నన్ను నమ్మదు. నాన్న ఊరడిస్తున్నాడనుకుంటది. రాసినవాళ్ళు చెప్పాలి.”

“సాయంత్రంలోగా ఆసుపత్రికి వచ్చి చెప్తాను,” అని రాజ్యశ్రీ ఆటో ఎక్కింది.

బందరు రోడ్డు ఎండకు ఉడికిపోతోంది. బీప్ తను వినలేదు. పత్రికకు వచ్చే మౌస్‌లు, స్పీకర్లు, గేముల స్టీరింగులు, యూపీఎస్‌లు అన్నీ పరీక్ష చేసేది సంజీవరావు. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన చెయ్యి. ఫోన్ ఎత్తడు, మీటింగులకు రాడు. పెన్సిల్‌తో చీటీ రాసి పంపిస్తాడు. ఆ చీటీని వాక్యాలుగా మార్చి పేరు పెట్టుకునేది తను.

ఆటో బెంజి సర్కిల్ దాటేలోపు ఆమెకు ఒక దారి దొరికింది. పత్రికకు మంచి పెట్టె పంపి, బజారులోకి బజర్ పీకేసిన పెట్టెలు వదలడం ఏ కంపెనీకైనా తేలిక. అదే నిజమైతే సంజీవరావు తప్పు లేదు, తన తప్పూ లేదు. రుజువు ఆఫీసు బీరువాలోనే ఉంది. కొత్త వస్తువు ఏదైనా సరే, కుంకుమ బొట్టు పెట్టకుండా సంజీవరావు స్విచ్ వెయ్యడు. బొట్టున్న పెట్టెలో బజర్ ఉంటే దొంగ కంపెనీయే.

గవర్నర్‌పేట ఆఫీసులో బీరువా తీసింది. పెట్టె ఉంది. నెత్తిన ఎర్రగా బొట్టు ఉంది. నాలుగు స్క్రూలు విప్పింది.

రెండు చిల్లులు. గుండ్రటి తెల్ల గీత. మధ్యలో ఖాళీ.

ఆమె పెట్టెను పక్కకు జరిపింది. ఫైల్లోంచి మార్చి సంచిక చీటీ వెతికి తీసింది. సంజీవరావు పెన్సిల్ రాత రెండే మాటలు. ‘అలారం ఉంది.’ మరి మూసిన తలుపులు? పక్క గది? అవి ఎక్కడివో ఆమెకు తెలుసు. ఆ నెల పేజీలో రెండు లైన్ల జాగా మిగిలింది. నింపింది తనే.

సంజీవరావు రిపేరు కొట్టు రెండు సందుల అవతల. వాకిట్లోకే రేడియో హోరు వినిపించింది. పాటా లేదు, మాటా లేదు. స్టేషన్ తప్పిపోయి, గొంతు పెంచి పెట్టిన ఉత్త బరబర. దాని పక్కనే కూర్చుని ఆయన తాపీగా వైరు అతుకుతున్నాడు.

“బాబాయిగారూ!”

తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. బల్ల చివర ఉన్న స్టీలు గ్లాసును కింద పడేసింది. అది ఖంగుమని దొర్లి గోడకు కొట్టుకుంది. ఆయన భుజమైనా కదల్లేదు. ఆమె నీడ వైరు మీద పడ్డాక తల ఎత్తి నవ్వాడు.

“ఏమ్మాయ్, ఎప్పుడొచ్చావ్? ఒక్క నిమిషం, వార్తలు అయిపోవస్తున్నాయి.”

రాజ్యశ్రీ వెనక్కి చెయ్యి పెట్టి రేడియో ఆపేసింది. కొట్టంతా నిశ్శబ్దమైపోయింది.

ఆయన ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

ఆమెకు కేకలు వెయ్యాలనిపించింది. ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు. బల్ల మీది పెన్సిల్ తీసుకుని చీటీ మీద రాసింది. ‘పెట్టెలో బజర్ లేదు. అది కాలి ఉష అనే అమ్మాయి వేళ్ళు పోయాయి. తన చెవులదే తప్పని ఏడుస్తోంది.’

ఆయన ఆ మూడు లైన్లు చాలాసేపు చదివాడు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకి, కొక్కేనికున్న చొక్కా తొడుక్కున్నాడు. “పద,” అన్నాడు.

ఆసుపత్రి గదిలో ఉష గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. కాశీరావు స్టూలు మీంచి లేచాడు.

“ఈయనెవరమ్మా?” అన్నాడు.

“పరీక్ష చేసింది ఈయనేనండి,” అంది రాజ్యశ్రీ.

ఉష ఇటు తిరిగింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. “బీప్ కొట్టింది కదండీ? నేనే వినలేదు కదా?” అంది.

సంజీవరావు ఆ పిల్ల పెదాల వంకే చూస్తూ మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గొంతు ఎంత పెంచుతున్నాడో ఆయనకు తెలియదు. వరండాలో జనం ఆగి తొంగిచూశారు.

“కొట్టలేదమ్మా. నీ చెవుల్లో ఏ లోపమూ లేదు. లోపం నా చెవుల్లో ఉంది. రెండూ పోయి మూడేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. చెవిటి రేడియో మెకానిక్కుకు పనెవడిస్తాడు? స్పీకర్లొస్తే మీద వేలు పెట్టి అదురు చూసేవాణ్ణి. హెడ్‌ఫోన్లొస్తే ఎదుటి టీ కొట్టు అంతోనికి తగిలించి వాడి మొహం చూసేవాణ్ణి. వాడు నవ్వితే బాగుందని రాసేవాణ్ణి. ఈ పెట్టె వచ్చినప్పుడు అంతోని గుణదల తిరునాళ్ళకు పోయాడు. మూడు రోజులు కొట్టు తియ్యలేదు. పదో తారీఖుకు చీటీ ఇవ్వాలి. అట్ట మీద అలారం అని రాసి ఉంది. పెట్టె మీద చెయ్యి పెట్టాను, సన్నగా అదిరింది. అది లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అదురని నాకు తెలుసు. నలభై ఏళ్ళ పనివాణ్ణి, తెలియకేం? తెలిసే రాశాను.”

“మరి పక్క గదిలోకి కూడా వినిపిస్తుందని...” అన్నాడు కాశీరావు, మాట పూర్తి చెయ్యలేక.

రాజ్యశ్రీ నోరు తెరిచింది. సంజీవరావు కాశీరావు పెదాలను చూశాడు, తర్వాత ఆమె మొహం చూశాడు.

“అదీ నేనేనయ్యా. మూసిన తలుపులు, పక్క గది, అన్నీ నేనే రాశాను. ఈ అమ్మాయికేం తెలియదు. నేను రాసిచ్చింది అచ్చేసింది, అంతే.”