చిలకమ్మ మనవరాలి మోన్‌ఫో

చిలకమ్మకి మనవరాలి ఆట చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. భానుప్రియ కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడుతుందనీ, ఎగిరి కొట్టిందంటే బంతి ఎటు పోయిందో అవతలివాళ్ళకి అంతుచిక్కదనీ రంగూన్లోని చిమిండైంగ్ బజారంతా చెప్పుకునేది. ఏం లాభం? ముసలావిడ రెండు కళ్ళకీ శుక్లాలు. మనవరాలు ఎదురుగా వచ్చి నిలబడినా పొడుగాటి నీడే కనపడేది.

అలాంటి రోజుల్లో ఇంటికొచ్చాడు కో తీహా. ఎనర్జీ డ్రింకు కంపెనీ మనిషి. చెప్పులు బయటే విడిచి, నేలమీద ఒద్దికగా కూర్చుని, చిలకమ్మని బర్మా భాషలో ‘అఫ్వా’ అని, అంటే అవ్వా అని, నోరారా పిలిచాడు. భానుప్రియ బొమ్మ తమ డబ్బాల మీద వేసుకుంటామన్నాడు. లేచేముందు ఓ కవరు తీసి, మోన్‌ఫో అంటూ పిల్లకి అందించాడు.

మోన్‌ఫో అంటే చిరుతిళ్ళకని పెద్దలు పిల్లల చేతిలో పెట్టే డబ్బు. రంగూన్లో పుట్టి పెరిగిన చిలకమ్మకి ఆ మాటంటేనే ముచ్చట. ఇచ్చినవాళ్ళు లెక్క అడగరు, తీసుకున్నవాళ్ళు కాదనకూడదు. పిల్ల మాత్రం చెయ్యి చాపకుండా నసుగుతోంది. ముసలావిడకి చిర్రెత్తుకొచ్చింది. పెద్దలిచ్చింది కాదంటే కళ్ళు పోతాయే అని కసిరింది. ఆవిడవి అప్పటికే పోయి కూర్చున్నాయి, అది వేరే సంగతి! టీ పెడదామని ఆవిడ లోపలికి వెళ్ళిన కాసేపట్లో, పిల్ల కవరు రెండు చేతులా అందుకుని, అతను కాగితంమీద చూపించినచోట సంతకం పెట్టింది.

అప్పట్నుంచి నెలనెలా కవరు వచ్చేది. బస్సు నడిపే కొడుకు ఢిల్లేశ్వరరావు జీతం అద్దెకీ తిండికీ సరిపోతే అదే పదివేలు. ఈ కవర్ల పుణ్యమా అని చిలకమ్మ కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమది వచ్చే నెలలో చేద్దామన్నాడు డాక్టరు. కట్టు విప్పిన రోజు ఆవిడ సంబరం ఏం చెప్పను, గోడమీది బల్లిని చూసి కూడా మురిసిపోయింది. ఇక పిల్ల ఆట చూసి తీరాల్సిందేనని పట్టుబట్టింది. ఆ గోలలో కూర్చోలేవని భానుప్రియ ఎంత చెప్పినా వినలేదు.

పోటీ రోజున హాల్లో ముందు వరసలో కూర్చుంది. మనవరాలు ఎగిరినప్పుడల్లా జనం కేకలు. చిలకమ్మకి మాత్రం ఆ పిల్ల ఎగరడం కాదు, దిగడం కనపడింది. ఒక్క కాలిమీదే దిగుతోంది. దిగినప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. మోకాలికి మందపాటి కట్టు. ఇంట్లో బర్మా ఆడపిల్లల్లా పాదాలదాకా లుంగీ కట్టుకుని తిరిగే పిల్లకి కట్టున్నట్టు ఎవరికి తెలుస్తుంది? పక్కన కూర్చున్న జయశ్రీని, మనవరాలి క్లాసు పిల్లని, అడిగితే, డాక్టరు కాలు కదపొద్దన్నాడనీ, కోచ్ కూడా మానెయ్యమంటే భానుప్రియే మొండికేసిందనీ చెప్పేసింది.

ఆట మధ్యలో విరామం ఇచ్చారు. చిలకమ్మ కమ్మీ పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్ళింది.

“ఏటే ఇది? కాలు అలాగుంటే ఎందుకు గెంతుతన్నావు?”

“ఆట మానేస్తే ఇచ్చిందంతా తిరిగియ్యాల మామ్మా. సంతకం పెట్టీసినాను.”

“మోన్‌ఫోకి సంతకమేటే?”

“అది మోన్‌ఫో కాదు, జీతం. నువ్వు వింటన్నావని ఆ మాట అన్నాడు.” పిల్ల తల దించుకుంది. “వచ్చే నెలది వస్తే నీ రెండో కన్ను కూడా అయిపోతాది. అందాకా ఓర్సుకుంటాను.”

చిలకమ్మ గుండె చెరువైపోయింది. పిల్ల నసిగితే కసిరి తీసుకోమన్నది తనే కదా! తన కన్ను బాగుపడుతుంటే దాని కాలు పాడైపోతోందని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి, చల్లటి డబ్బాతో నవ్వుతూ వస్తున్న కో తీహాకేసి తిరిగింది.

పిల్ల ఇవాళ ఆడబోదని బర్మా భాషలో చెప్పింది. అతను కోప్పడలేదు. కెమెరాలు వచ్చాయి, ఈ ఒక్క ఆటా కానివ్వండి అని బతిమాలాడు. కాదంటే తీసుకున్నది తిరిగి కట్టాల్సొస్తుందని మెల్లగా అన్నాడు. కొంచెం కొంచెంగా కడతామంది. అప్పుడతను ఇంకా మెల్లగా, మరి మీ రెండో కన్ను మాటేమిటి అఫ్వా అన్నాడు.

చిలకమ్మ అతన్ని వదిలేసి పిల్లవైపు తిరిగింది. మనవరాలి పక్కన నేలమీద చతికిలబడి, దాని మోకాలి కట్టు విప్పడం మొదలుపెట్టింది.

“నాకొక్క కన్ను సాలు. దాంతోనే నిన్ను సూసీసినాను. నీకు రెండు కాళ్ళూ కావాల. కూకో.”

ఈల వేశారు. జట్టు పిల్లలు లేచి కోర్టులోకి పరిగెత్తారు. భానుప్రియ లేవలేదు.