చుక్క కారని పనితనం

ముప్పై ఏళ్లుగా ప్లంబరుది ఒకటే మాట: "నేను బిగించిన జాయింటు నుంచి ఒక్క చుక్క కారదు." పెళ్లయిన మొదటి రోజే ఆ మాట అన్నాడని భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అందుకే కూతురు నాలుగు రోజుల శిక్షణకు వెళ్తూ తన ఊసరవెల్లిని అప్పగిస్తే, ఇదొక పనా అన్నట్టు నవ్వాడు. ఆ ఊసరవెల్లిని ఇంట్లో అందరూ దొరవారు అంటారు. పేరుకు తగ్గట్టే, గిన్నెలో నీళ్లు పెడితే కన్నెత్తి చూడరు. ఆకు మీద చుక్క మెరిస్తేనే నోరు తెరుస్తారు.

"రోజుకి ఐదుసార్లు బోనులో ఆకులు తడపాలి నాన్నా. నీళ్లు తాగకపోతే బతకడు," అంది కూతురు.

"చేత్తో తడపడమేంటి? మిషను పెడతా. నువ్వు నిశ్చింతగా వెళ్లు."

అన్నట్టే పెట్టాడు. కింద బకెట్టు, చిన్న మోటారు, సన్నటి గొట్టం, జాలీ బోను పైన తుంపర చిమ్మే నాజిల్, గోడకి టైమరు. బోను ఉన్నదేమో భార్య ముచ్చటపడి కొనుక్కున్న చెక్క బల్ల మీద. ప్లంబరు ఇంట్లో నేల తడిస్తే పరువేం కాను? అన్నిటికన్నా సన్న రంధ్రమున్న నాజిల్ ఏరి బిగించాడు. పది సెకన్లకే ఆగిపోయేలా టైమరు తిప్పాడు. తుంపర పొగలా లేచింది, బల్లకి చెమ్మ కూడా తగల్లేదు. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి దొరవారి కళ్లు లోపలికి పోయాయి. పట్టపగలే రెప్పలు వాల్చి, కొమ్మను పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు. ప్లంబరు పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

"ఒంట్లో నీళ్లు లేవు. ఈ గంటలో తాగితే సరే, లేకపోతే వెంటనే తీసుకొచ్చేయండి. ఆలస్యమైతే నేను మాటివ్వలేను," అందావిడ.

రోజుకి ఐదుసార్లు పడుతున్న నీళ్లు ఏమైనట్టు? మీట నొక్కాడు. తుంపర లేచింది, ఆకులు మసకబారాయి, చూస్తుండగానే ఆరిపోయాయి. చుక్క కట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. తన తెలివి మీద తనకే ఒళ్లు మండింది.

పానా తీసుకుని నాజిల్ దగ్గరి జాయింటుకి తగిలించాడు. చెయ్యి అలవాటు కొద్దీ బిగించే వైపే తిరిగింది. "తగలెయ్య నీ అలవాటు!" అని చేతిని తిట్టుకుని, అర చుట్టు వదులు చేశాడు. మోటారుని ఆగకుండా తిరగనిచ్చాడు. జాయింటు అంచున నీరు ఉబ్బి, చుక్కగా ఆకు మీద పడింది. ఇంకొకటి పడింది. దొరవారు కదల్లేదు.

ఐదు నిమిషాలు. పది. నీళ్లు బల్ల మీద పరుచుకుని నేల మీదికి జారాయి.

"ఏమండీ! కారిపోతోంది! నా బల్ల!" భార్య గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోకు!" అని అరిచాడు. ఆవిడ బిత్తరపోయి ఆగింది.

ఒక కన్ను సగం తెరుచుకుంది. చుక్క వైపు మెల్లగా తిరిగింది. దొరవారు మెడ చాచి, ఆకు అంచుకి నోరు ఆనించి, గుటక వేశారు. మరో గుటక వేశారు. భార్య చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

అప్పుడే ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, మిషను బాగా పనిచేస్తోందా?"

ప్లంబరు తడి నేల మీదే చతికిలబడ్డాడు.

"కారుతోందమ్మా," అన్నాడు. "నేనే వదులు చేశా. దొరవారు తాగుతున్నారు."