సొంత టాయిలెట్ ఉన్నవాళ్ళకే

వాగొడ్డున కౌన్సిల్ వాళ్ళు పాతిన బోర్డు మీద విషయమంతా ఉంది. క్యాంపు ఉచితం. నీళ్ళు, కరెంటు ఉండవు. సొంత టాయిలెట్ ఉన్నవాళ్ళే ఆగాలి. చెత్త ఎవరిది వాళ్ళు పట్టుకుపోవాలి.

ఇల్లు అమ్మేసి, కారవాన్ అనే ఇంటిబండి కొనుక్కుని ఆస్ట్రేలియాలో ఈ క్వీన్స్‌లాండ్ నాలుగు మూలలూ తిరిగే మా ముసలి జనానికి ఇంతకంటే ఏం కావాలి? ఇక ఎవరి పెత్తనమూ ఉండదని బయల్దేరతాం. వారం తిరక్కుండా మేమే పక్కవాడి మీద పెత్తనం మొదలెడతాం. ఆ క్యాంపులో ఆ బాధ్యత నెవిల్ నెత్తిన వేసుకున్నాడు. బస్ డిపోలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషి. జనరేటర్ ఎప్పుడు ఆపాలో, ఎవరి బండి ఎక్కడ నిలపాలో ఆయనే చెప్పేవాడు.

సాయంత్రం నీలగిరి చెట్ల నీడ సాగేసరికి అందరూ గుండ్రంగా చేరతారు. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోవాలి. ఎవరి బీరు, ఎవరి చీజ్ ముక్కలు వాళ్ళవే. ఒకరినొకరు అడగకపోవడాన్నే మావాళ్ళు మర్యాద అంటారు. నాకైతే అది వట్టి పిసినారితనం.

వరసలో చివర ఒక పాత కారు ఉండేది. అందులో డెస్లీ పడుకునేది. అరవై దాటిన మనిషి. అద్దెకున్న ఇల్లు యజమాని అమ్మేశాడు, ఇంకోటి దొరకలేదు. పగలు ఊళ్ళోని హోటల్లో గదులు తుడిచి, సాయంత్రానికి క్యాంపుకి వచ్చేది. మూతున్న బకెట్టూ, చుట్టూ కట్టుకోవడానికి ఒక గుడ్డా, అదే ఆవిడ టాయిలెట్. అంతకుముందు రోడ్డు పక్కన పడుకున్నప్పుడు ఎవడో అర్ధరాత్రి కారు తలుపు లాగి చూశాడు. అప్పట్నుంచి ఒంటరిగా ఉంటే ఆవిడకి కంటి మీద కునుకు రాదు.

"చుట్టూ నలుగురి గురకలు వినబడితే చాలండీ, హాయిగా నిద్రపోతాను," అని నవ్వేది.

నెవిల్ భార్య గ్లెనిస్‌కి మతి తప్పుతోంది. బండిలో టాయిలెట్ ఉందన్న సంగతి మరిచిపోయి పొదల్లోకి వెళ్ళిపోయేది. ఓ పొద్దున్నే డెస్లీ చూసి, ఆవిడ చేతులు కడిగి, గౌను సరిచేసి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. నెవిల్ ముఖం పాలిపోయింది.

"ఎవరితోనూ అనకు డెస్లీ. పిల్లలకి తెలిసిందంటే దీన్ని ముసలాళ్ళ హోమ్‌లో పడేస్తారు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయ్యో, నేనెందుకంటానండీ. పొద్దున్న పూట కాస్త కనిపెట్టుకుని ఉండండి."

నెవిల్ కనిపెట్టుకుని ఉండేది క్యాంపంతటినీ, భార్యని తప్ప. ఆ పని డెస్లీయే చేసింది. కానీ ఆవిడ పనికి పోయిన తర్వాత గ్లెనిస్‌కి దిక్కెవరు?

ఒక సాయంత్రం మా వరసలోనే ఉండే మాక్సీన్ కుక్క పొదల్లోంచి టాయిలెట్ పేపర్ కరుచుకొచ్చి సరిగ్గా కుర్చీల మధ్య పడేసింది. అంతే, గోల మొదలైంది. కౌన్సిల్ వాళ్ళకి తెలిస్తే క్యాంపు మూసేస్తారని ఒకరు, వాగుకి ఎగువనున్న క్యాంపు అలాగే మూసేశారని ఇంకొకరు. ఆ తర్వాత అందరి తలలూ చివరి కారు వైపు తిరిగాయి. డెస్లీ అప్పుడే పని నుంచి వచ్చి దిగుతోంది.

"ఇలా రామ్మా," అని పిలిచింది మాక్సీన్. "నీ టాయిలెట్ ఎక్కడ పెట్టుకున్నావు, స్టీరింగ్ కిందా?"

అందరూ నవ్వారు.

"బకెట్ ఉందండీ," అంది డెస్లీ.

"ఏదీ, తెచ్చి చూపించు."

తెచ్చింది. అరవై దాటిన మనిషి పదిమంది తాగుతూ తింటూ ఉండగా తన బకెట్ మోసుకొచ్చి మధ్యలో పెట్టింది. మాక్సీన్ మొగుడు రాయ్ కర్రతో మూత ఎత్తి చూశాడు. లోపల తళతళలాడుతోంది.

"చూశారా? ఎంత శుభ్రంగా ఉందో. వాడితేగా," అన్నాడు.

రోజూ రుద్ది కడుక్కున్నందుకు దక్కిన ఫలం అది. డెస్లీ నెవిల్ వైపు చూసింది. నోరు విప్పాల్సింది ఆయన. పక్కనే గ్లెనిస్ బిస్కట్ కొరుకుతోంది. నెవిల్ గ్లాసులోకి చూసుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"రూలు రూలే డెస్లీ. బకెట్‌ని టాయిలెట్ అనరు. చీకటి పడకముందే బయల్దేరు. రోడ్డు మీదకి కంగారూలొస్తాయి."

ఎంత దయ! ఆ క్షణాన ఆ మనిషి చెంప పగలగొట్టినా పాపం లేదు.

ఒక్క మాట చాలు డెస్లీకి. చెబితే ఆ రాత్రికి చోటు నిలిచేది. చెప్పలేదు. మూత పెట్టేసింది.

"అమ్మాయిని కూర్చోమను నెవిల్, అలిసిపోయింది," అంది గ్లెనిస్. ఎవరూ కుర్చీ జరపలేదు.

"స్వెట్టర్ వేసుకోండమ్మా, చలిగాలి తిరిగింది," అని ఆవిడతో చెప్పి, బకెట్ తీసుకుని డెస్లీ వెళ్ళిపోయింది.

"పీడ వదిలింది," అంది మాక్సీన్.

రెండ్రోజులు అందరూ క్యాంపు ఎంత శుభ్రంగా ఉందో చెప్పుకున్నారు. మూడో పొద్దున అదే పొద దగ్గర మళ్ళీ పేపర్. ఆ సాయంత్రం కుర్చీల్లో మాట్లాడుకోవడానికి ఇంకేం దొరకలేదు.

"అదేంటి, ఆవిడ వెళ్ళిపోయిందిగా?" అన్నాడు రాయ్. "నిన్న డీజిల్ కోసం వెళ్ళి రాత్రికి లారీలు ఆగే చోట ఉండిపోయాను. ఆవిడ అక్కడే ఉంది. తలుపులన్నీ బిగించుకుని, స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. నేను పడుకునేటప్పుడూ అంతే, పొద్దున లేచి చూసినా అంతే."

"నిద్రపోలేదా?" అంది మాక్సీన్.

"కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి."

అంతలో గ్లెనిస్ లేచింది. గౌను అంచు చేత్తో పట్టుకుని, ఎవరైనా చెయ్యందిస్తారేమోనని ఒక్క క్షణం చుట్టూ చూసి, పొదల వైపు నడిచింది. వెలుగు ఇంకా పోలేదు. ఆవిడ ఎక్కడ ఆగిందో, ఎలా కూర్చుందో కుర్చీల్లో ఉన్న ప్రతివాళ్ళకీ కనబడింది. మాక్సీన్ తన చీజ్ ముక్కల పళ్ళెం సర్దుకుంది. రాయ్ వంగి బూటు లేసు కట్టుకున్నాడు.

"డెస్లీయే రాత్రి మళ్ళీ వచ్చి వెళ్ళుంటుంది," అన్నాడు నెవిల్.

"అంతే అయ్యుంటుంది," అన్నాడు రాయ్. మిగిలినవాళ్ళు తలూపారు.